బడి గోడకు ఫొటోలు: హంపి, బాదామి టూరుకు ఏ కెమెరా, ఏ లెన్సులు?

హిందూపురం టీచరమ్మ:

అందరికీ నమస్తే. మాది హిందూపురం దగ్గర జిల్లా పరిషత్ హైస్కూలు. సోషల్ చెప్తాను. విజయనగర రాజుల పాఠం వచ్చినప్పుడల్లా నాకు ఒకటే తలనొప్పి. పుస్తకంలో హంపి రాతి రథం అగ్గిపెట్టెంత ఉంటుంది, అదీ నల్లగా అలుక్కుపోయి. ఈసారి వెనక బెంచీ పిల్లాడొకడు జేబులోంచి యాభై రూపాయల నోటు తీసి "మేడం, దీని మీద బాగుంది చూడండి" అన్నాడు. నిజంగానే బాగుంది. సిగ్గేసింది.

అందుకే దసరా సెలవుల్లో నలుగురు టీచర్లం బయల్దేరుతున్నాం. గుంతకల్లు మీదుగా హోస్పేట, రెండు రోజులు హంపి, ఆ తర్వాత బాదామి, పట్టదకల్లు, ఐహొళె. అన్నీ రైళ్లు, బస్సులు, ఆటోలే. తీసినవాటిలో ఓ ఇరవై ఫొటోలు 12×18 అంగుళాల సైజులో ప్రింటు వేయించి బడి వరండా గోడకు పెట్టాలని ఆశ. పక్కనే ఉన్న మా లేపాక్షి కూడా ఆ గోడ మీద ఉండాలి.

చీటీ ఎత్తిన డబ్బు 60 వేలుంది. అంతకు మించి పైసా లేదు. ఇప్పుడు నా ముందు మూడు దారులున్నాయి.

బెంగళూరులో మా బావగారి దగ్గర నికాన్ డి7200 ఉంది. దాంతో 18-140 లెన్సు, 50 ఎంఎం ఎఫ్ 1.8డి అని ఇంకో చిన్న లెన్సు. మూడూ కలిపి 45 వేలకు ఇస్తానన్నారు. ఇక్కడ షాపులో అడిగితే, ఎవరో వాడి అమ్మిన నికాన్ డి3500 చూపించాడు. రెండు లెన్సులు, 18-55, 70-300. "300 దాకా జూమ్ వస్తుంది మేడం, కొండ మీద మనిషి కూడా కనిపిస్తాడు" అంటాడు. నాకు కొండ మీద మనిషి ఎందుకో అర్థం కాలేదు. మూడోది, మా హెడ్మాస్టరు గారబ్బాయి చెప్పిన కెనాన్ 200డి రెండో మోడల్. అదీ పాతదే వెతుక్కోవాలి.

నా సంగతి కూడా చెప్తాను. ఎత్తు అయిదడుగులు. బోర్డు మీద రాసీ రాసీ కుడి భుజం పట్టేసింది. ట్రైపాడ్ మోయలేను. ఫోనుతో తప్ప ఎప్పుడూ ఫొటోలు తీయలేదు. ఏది కొనమంటారు?


సింపుల్‌గా:

మేడం, ఫోను చాలదా? ఈ కాలంలో డీఎస్‌ఎల్‌ఆర్ (లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరా) ఎవరు మోస్తున్నారండీ.


మూఢం ఫొటోగ్రాఫర్:

పైన తమ్ముడికి ముందు ఒక మాట. ఎండలో రథం ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టుకోడానికి ఫోను బ్రహ్మాండంగా చాలు. చీకటి మండపంలో పైకప్పు తీసి, దాన్ని అడుగున్నర ప్రింటు వేసి, పిల్లలు ముక్కు ఆనించి చూడాలంటే తేడా తెలుస్తుంది. ఆ ప్రింట్లు వేసేది మేమే కాబట్టి చెప్తున్నా.

ఇక మేడం, నా సంగతి. పెళ్లి ఫొటోగ్రాఫర్ని. పెంటాక్స్ కె1000తో, 36 ఫొటోల రీలుతో మొదలుపెట్టినవాణ్ణి. లగ్గాలున్నన్ని రోజులూ తిండికి తీరికుండదు. మూఢం వచ్చిందా, ఆషాఢం వచ్చిందా, దుకాణం షట్టరు దించేసి బస్సెక్కుతా. మీరు పోతానంటున్న రూటు నాలుగుసార్లు తిరిగా.

మొదటిసారి చేసిన తప్పు చెప్తా, మీకు పనికొస్తుంది. పెళ్లిళ్లకు వాడే సామానంతా సంచిలో వేసుకుని పోయా. రెండు బాడీలు, 24-70, ఆ పెద్ద 70-200 ఎఫ్ 2.8, ఫ్లాషు. ఆ 70-200 ఒక్కటే కిలోన్నర. తెల్లారక ముందే మాతంగ పర్వతం ఎక్కాలని బయల్దేరి సగం మెట్ల దగ్గర కూలబడ్డా. ఎలాగో పైకి పోయా, సూర్యుడు నాకంటే ముందే వచ్చేశాడు. మూడో రోజు ఆ లెన్సు లాడ్జిలో వదిలేసి పోయా, రోజంతా మనసు దాని మీదే. ఊరికొచ్చాక కంప్యూటర్లో ఫొటోలన్నీ ఏ ఎంఎం దగ్గర (లెన్సు మీది అంకె, చిన్నదైతే వెడల్పు, పెద్దదైతే దూరం) తీశానో లెక్క తీస్తే, 900 పైచిలుకు ఫొటోల్లో ఆ పెద్ద లెన్సుతో తీసినవి నలభై కూడా లేవు. సగానికి పైగా 24 దగ్గరే ఉన్నాయి, అంటే లెన్సు ఇంకా వెడల్పు చూపిస్తే బాగుండని నేను దాన్ని చివరిదాకా తిప్పేసినవి. నావి పెద్ద సెన్సర్ కెమెరాలు, అంటే వెలుతురు పట్టే చిప్పు పెద్దది. మీ చిన్న సెన్సర్ కెమెరాల్లో అది 16 ఎంఎంతో సమానం. మీ లెన్సుల్లో అన్నిటికంటే వెడల్పువి కూడా 18 దగ్గరే మొదలవుతున్నాయి, చూసుకోండి.

గుళ్లల్లో జరిగేది ఇదే మేడం. బొమ్మ దూరంగా ఉంటే కాళ్లున్నాయి, నాలుగడుగులు ముందుకేస్తాం. స్తంభాల మధ్య నిలబడి పైకప్పు తీయాలంటే వెనక్కి జరగడం ఎట్లా, భూమిలోకి దిగాలా? మీ లేపాక్షి వీరభద్రస్వామి గుళ్లో నాట్యమండపం పైకప్పు, హంపిలో విరూపాక్ష గుడి రంగమండపం పైకప్పు, రెండింటి నిండా పాతకాలపు రంగుల బొమ్మలే. మీ వరండా గోడకు అవి లేకపోతే ఎట్లా?

షాపువాడు చెప్పిన 300 మాట అందుకే పక్కన పెట్టండి. ఇంకో సంగతి, ఆ 70-300 రెండు రకాలుగా వచ్చింది. ఒకదాని పేరు చివర వీఆర్ అని ఉంటుంది, అంటే చెయ్యి వణుకు సర్దుకునేది. ఇంకోదానికి అది లేదు. 300 దగ్గర వీఆర్ లేకుండా కొత్తవాళ్లు తీస్తే పది ఫొటోల్లో ఎనిమిది అలుక్కుపోతాయి. హంపి దగ్గరే దరోజీ ఎలుగుబంట్ల అడవికి పోతానంటే అప్పుడు పొడవు లెన్సు మాట మాట్లాడుకుందాం.

50 ఎంఎం గురించి. కొత్తగా కెమెరా కొన్నవాళ్లందరికీ దుకాణాలవాళ్లు దీన్నే అంటగడతారు. తప్పు లెన్సు కాదు, చవకలో మంచి గాజు. కానీ మీరు చూస్తున్న కెమెరాల మీద అది 75 లాగా పనిచేస్తుంది. మీ తోటి టీచర్ల ఫొటోలు నడుం పైదాకా తీస్తే ముచ్చటగా వస్తాయి. మండపంలో మాత్రం రెండు స్తంభాలు కూడా పట్టవు. ఆ పాత డి రకం లెన్సుకు లోపల మోటారు ఉండదు, కెమెరా బాడీలో మోటారుంటేనే దానంతటదే ఫోకస్ అవుతుంది. డి7200లో ఉంది. షాపులో చూపించిన డి3500లో లేదు. ఈ లెక్కలో బావగారి డి7200దే పైచేయి. కార్డులు కూడా రెండు పడతాయి, తీసింది రెండింట్లోనూ పడేట్టు పెట్టుకోవచ్చు. టూరులో ఒక కార్డు చచ్చిపోతే ఆ విలువ తెలుస్తుంది.

మెగాపిక్సెళ్ల గొడవ వద్దు. మూడు కెమెరాలూ 24వే. అంటే ఫొటో 6000 చుక్కల వెడల్పు, 4000 ఎత్తు. మీ 12×18 ప్రింటుకు అంగుళానికి 300 చుక్కలు వేసుకున్నా 5400, 3600 చాలు. ఇంకా మిగుల్తుంది. నిష్పత్తి కూడా ఒకటే కాబట్టి ల్యాబువాడు అంచులు కోయడు.

మిగిలింది బరువు. బ్యాటరీతో కలిపి డి7200 765 గ్రాములు, 18-140 దగ్గర దగ్గర అర కిలో. మొత్తం కిలోంపావు. కెనాన్ 200డి రెండోది బ్యాటరీతో కలిపి 450 గ్రాములు, దానికి 10-18 వెడల్పు లెన్సు 240, 18-55 ఇంకో 215. అంటే రెండు లెన్సులతో కూడా కిలో దాటదు. మీ భుజం మాటేమిటో నాకు తెలీదు. కిలోంపావు కందిపప్పు సంచిలో కట్టి ఒక రోజంతా మెడకు వేసుకుని బళ్లో పాఠాలు చెప్పి చూడండి. నవ్వుతాలుకు కాదు, నిజంగానే చేయండి.

ట్రైపాడ్ మోయలేనన్నారు, మంచిదే. పురావస్తు శాఖవాళ్ల చోట్ల ముందుగా అనుమతి లేకుండా ట్రైపాడ్ పెట్టనివ్వరు. నేను చేసేది చెప్తా. కండువా నాలుగు మడతలు వేసి నేల మీద పరుస్తా. కెమెరాను లెన్సు ఆకాశం వైపు చూసేట్టు వెల్లకిలా పడుకోబెడతా. వెనకాల కన్ను పెట్టే రబ్బరు ఉబ్బుగా ఉంటుంది కాబట్టి ఉత్త బండ మీద కెమెరా ఊగుతుంది, కండువాలో అది కుదురుకుంటుంది. ఆ కంతలోంచి వెలుతురు లోపలికి పోయి లెక్క తప్పించకుండా కూడా పనికొస్తుంది. ఫోకస్ ఒకసారి పట్టించి మాన్యువల్‌కు మార్చేస్తా, వీఆర్ ఆపేస్తా. టైమరు పది సెకన్లు. రెండు సెకన్లు పెడితే మీ తల ఫొటోలో పడుతుంది, వెడల్పు లెన్సు కదా, చుట్టుపక్కల ఉన్నవన్నీ లాక్కుంటుంది. బటన్ నొక్కి, వంగి, స్తంభం వెనక్కి పోవాలి.

చేత్తో పట్టుకుని తీస్తే ఐఎస్‌ఓ (చీకట్లో కెమెరా వెలుతురును ఎంత పెంచాలో చెప్పే అంకె) 3200 పెట్టాల్సొచ్చే చోట ఇట్లా నేల మీద పెడితే 200 చాలు, ఎఫ్ 8 (లెన్సు కంత అంకె, చిన్నదైతే వెలుతురు ఎక్కువ), ఒక సెకను. ఆ బొమ్మల్లో చీర అంచుల గీతలు వెంట్రుకంత సన్నం. 3200లో ఫొటో రవ్వరవ్వగా వస్తుంది, అవి అందులో కలిసిపోతాయి. బండ మీద కూర్చున్న కెమెరాకు పెద్ద లెన్సు అక్కర్లేదన్నమాట, చవక లెన్సు, తేలిక లెన్సు కూడా అంతే పని చేస్తుంది.

ఒకటి మాత్రం మరవొద్దు. వెడల్పు లెన్సు పెట్టుకుని గోపురం కింద నిలబడి తల పైకెత్తి తీస్తే గోపురం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. విరూపాక్ష గోపురాన్ని హేమకూటం ఎక్కి దూరం నుంచి తీయండి, 50, 60 దగ్గర. గోడ మీది శిల్పాలకు పొద్దున ఏడు నుంచి తొమ్మిది లోపల, పక్క నుంచి వెలుతురు పడేటప్పుడు. కెమెరా మీద ఉండే ఫ్లాషు వేశారో, శిల్పం రొట్టె అయిపోతుంది. బాదామిలో చెరువుకు అవతల ఉన్న భూతనాథ గుళ్లు మాత్రం సాయంత్రానికి ఉంచుకోండి, రాయి ఎర్రగా కాలుతున్నట్టుంటుంది.

విరూపాక్ష గుళ్లో గర్భగుడి వెనక వైపు చీకటి చోటొకటుంది. చిన్న సందులోంచి వచ్చే వెలుతురులో రాజగోపురం నీడ గోడ మీద తలకిందులుగా పడుతుంది. లెన్సు లేదు, బాడీ లేదు, బ్యాటరీ లేదు. కెమెరా అంటే ఏంటో మీ పిల్లలకు చెప్పాలంటే నా ఈ సోదంతా వద్దు, ఆ గోడ ఒక్కటి ఫొటో తీసుకొచ్చి చూపించండి.

తేల్చి చెప్పమంటే: డబ్బివ్వకముందు బావగారి కెమెరా ఒక ఆదివారం అడిగి తీసుకుని లేపాక్షి పోయి రండి. వచ్చాక ఏ ఎంఎం దగ్గర ఎన్ని తీశారో లెక్కేసి ఇక్కడ రాయండి.


హైటెక్ సిటీ మేడ:

అన్న చెప్పినదాంట్లో తప్పు పట్టడానికేం లేదు గానీ, టీచర్ గారు ఒకటి తెలుసుకుని కొంటే మంచిది. కెనాన్, నికాన్ రెండూ 2018లోనే పూర్తి సైజు సెన్సర్ మిర్రర్‌లెస్‌కు (డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఉండే అద్దం లేని కెమెరాలకు) కొత్త మౌంట్లు (లెన్సు తగిలించే చోట్లు) తెచ్చాయి. 2020 తర్వాత ఆ రెండు కంపెనీల నుంచీ కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ మోడల్ రాలేదు. అందుకే పాతవాటి ధరలు ఇంతలా పడిపోయాయి. మీకది లాభమే. రేపు ఎప్పుడైనా మిర్రర్‌లెస్‌కు మారితే కెనాన్ ఈఎఫ్ లెన్సులు అడాప్టరుతో ఆటోఫోకస్ సహా పనిచేస్తాయి. నికాన్‌లో మాత్రం ఆ 50 డి లెన్సు కంపెనీ సొంత అడాప్టరు మీద చేత్తో ఫోకస్ చేసుకోవాల్సిందే.

నేను మిర్రర్‌లెస్ వాడతాను. తేలిక, నిజమే. కానీ పోయిన ఏడాది గండికోటలో మధ్యాహ్నం మూడింటికే రెండో బ్యాటరీ కూడా అయిపోయింది, ఎర్రటి సాయంత్రం వెలుగులో పెన్నా లోయ ఫొటో ఫోనుతో తీసుకున్నా. డి7200 ఒక్క చార్జింగుకు 1100 ఫొటోల దాకా ఇస్తుందని కంపెనీ లెక్క. లాడ్జిలో ఒక్క ప్లగ్ పాయింటుకు నలుగురు టీచర్లు పోటీ పడేటప్పుడు అది చిన్న విషయం కాదు.


కాకినాడ ఉప్పుగాలి:

టీచర్ గారూ, పాత కెమెరా అంటున్నారు కాబట్టి బూజు మాట నేను చెప్పాలండి. మా ఊళ్లో గాలే తడి. నాన్నగారు కొనిచ్చిన కెమెరాని ముద్దుగా తోలు కేసులో పెట్టి, చీరల మధ్య బీరువాలో దాచానండి. రెండు వానాకాలాలు తీయలేదు. తీసి చూస్తే లెన్సు లోపల సాలీడు గూడు కట్టినట్టు తెల్లటి నూలుపోగులు. తోలు తడిని పీల్చి పట్టుకుంటుందని అప్పుడు తెలీదండి. బాగు చేయించిన ఖర్చుతో ఇంకో లెన్సు వచ్చేది.

బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరైనా చెప్తే వినకండి, తవుడు పొడి అంతా సందుల్లోకి పోతుంది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు నాలుగు. రంగు మారితే పెనం మీద వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. అంతేనండి. మీది పొడి ఊరు, మీకు ఇంత బాధ ఉండదు. ఏసీ గదిలోంచి బయటకొచ్చేటప్పుడు మాత్రం కెమెరాని ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి ఓ అరగంట ఉంచండి, లేకపోతే అద్దం మీద ఆవిరి పట్టేస్తుంది.


హిందూపురం టీచరమ్మ:

అందరికీ చాలా థ్యాంక్స్. కందిపప్పు పరీక్ష చేశాను! స్టాఫ్ రూములో ఒకటే నవ్వు. మధ్యాహ్నం దాకా బాగానే ఉంది, ఆరో పీరియడుకు మెడ లాగింది. సంచి మెడకు కాకుండా అడ్డంగా భుజానికి వేసుకుంటే తట్టుకోగలిగాను.

బావగారు కెమెరా పంపించారు. ఆదివారం లేపాక్షికి పోవాలి. ఆయన దగ్గర కొనేటప్పుడు ఏమేం చూసుకోవాలి? చూస్తే ఏమనుకుంటారోనని మొహమాటం.


మూఢం ఫొటోగ్రాఫర్:

మొహమాటం ఇప్పుడు పడకపోతే రేపు చెడినప్పుడు పడాలి, అక్కయ్యతో సహా. చూసుకోండి, ఆయన ముందు కాకుండా మీ ఇంట్లోనే చూసుకోండి.

18-140 విప్పి వెనక వైపు చూడండి. నికాన్ లెన్సు విప్పితే లోపలి రెక్కలు మూసుకుపోయి ఉంటాయి, టార్చి వేసినా ఏమీ కనబడదు. అంచున చిన్న ఇనుప కాడ ఒకటుంటుంది, దాన్ని గోటితో మెల్లగా పక్కకు తోస్తే రెక్కలు విచ్చుకుంటాయి. అట్లాగే పట్టుకుని అవతలి వైపు నుంచి ఫోన్ టార్చి వేసి వాలుగా చూడండి. దుమ్ము చుక్కలు నాలుగైదు ఉంటే పట్టించుకోవద్దు. పైన కాకినాడ వారు చెప్పిన నూలుపోగులు కనబడితే మాత్రం వద్దు. కాడ వదిలితే రెక్కలు టక్కున మూసుకోవాలి, బద్ధకంగా మూసుకుంటే రెక్కలకు జిడ్డు పట్టిందని అర్థం.

50 డి లెన్సు పెట్టగానే కెమెరా మీద ఎఫ్‌ఈఈ అని మెరిసి ఫొటో తీయనంటే కంగారు పడొద్దు. లెన్సు మీదున్న రింగును 22 దగ్గరికి తిప్పి లాకు వేయాలి, అంతే. ఈ ఒక్క సంగతి తెలీక కెమెరా చెడిందని మా దుకాణానికి తెచ్చినవాళ్లు నాకు తెలిసి పదిమందికి తక్కువ లేరు.

తర్వాత ఎఫ్ 22 పెట్టి తెల్ల గోడనో ఉత్త ఆకాశాన్నో తీయండి, నల్ల మరకలు ఎన్నున్నాయో తెలుస్తుంది. అవి సెన్సర్ మీది దుమ్ము, తుడిపించుకోవచ్చు. ఒక మామూలు ఫొటోను కంప్యూటర్లో వేసి ఎన్నోసారి క్లిక్కో చూడండి, నికాన్‌లో ఫొటో సమాచారంలోనే దొరుకుతుంది. డి7200 షట్టరును లక్షన్నర సార్లకు పరీక్షించామని కంపెనీ మాట. ముప్పై, నలభై వేలలో ఉంటే కళ్లు మూసుకుని తీసుకోండి. ఫోకస్ కోసం న్యూస్ పేపరు బల్ల మీద పరిచి వాలుగా ఒక లైను మీద పెట్టి తీయండి. ఆ లైను కాకుండా ముందుదో వెనకదో స్పష్టంగా వస్తుంటే డి7200లోనే సరిచేసుకునే మెనూ ఉంది, భయం లేదు.


హిందూపురం టీచరమ్మ:

లేపాక్షి పోయొచ్చాను. వివరంగా రాస్తాను, కొంచెం ఓపిక పట్టండి.

పొద్దున ఏడుకే పోయా. మొదట నంది. ఇన్నేళ్లుగా చూస్తున్న నందే, అయినా కెమెరాలోంచి చూస్తే మెడలో గంటల దండ, ఆ గంటల మధ్య ముడులు కూడా కనబడ్డాయి. పక్క వెలుతురు అని మీరన్నది అక్కడ అర్థమైంది. తొమ్మిదిన్నరకు మళ్లీ అదే చోట నిలబడి తీస్తే గంటలు చదునైపోయాయి.

తర్వాత నాట్యమండపం. చున్నీ మడిచి పరిచి, కెమెరా పడుకోబెట్టి, పది సెకన్లు పెట్టి స్తంభం వెనక్కి పోయా. మొదటి మూడు ఫొటోల్లోనూ నా జడ పడింది. నాలుగోసారి కెమెరా క్లిక్కుమనేలోపల వాచ్‌మన్ వచ్చి పైనుంచి వంగి చూశాడు, ఆయన మొహం పూర్తిగా పడింది, వెనకాల పైకప్పు మీద అర్జునుడు, శివుడు. ఆ ఫొటో ఆయనకు చూపిస్తే "ఏంది మేడం, నేనూ కిరాతార్జునీయంలో చేరిపోయినానా" అని నవ్వి, తన తువ్వాలు కూడా ఇచ్చాడు, చున్నీ జారుతోందని. అయిదోది కుదిరింది. చీర అంచులు నిజంగా వెంట్రుకంత సన్నం. మా ఊళ్లో చీరల మీద లేపాక్షి బార్డరని వేసేది ఇక్కడివే, బడికి కట్టుకుపోతూ ఎప్పుడూ ఇంత దగ్గరగా చూసింది లేదు.

కానీ 18 దగ్గర పైకప్పులో ఒక ముక్కే వస్తోంది. కెమెరా జరిపి జరిపి తీశా.

లెక్క: మొత్తం 212 ఫొటోలు. 18 దగ్గర 121. 18 నుంచి 35 లోపల 44. 35 నుంచి 70 దాకా 33. 70 పైన 14, అందులో తొమ్మిది కోతులు. 50 లెన్సు ఒక్కసారీ తీయలేదు. టార్చి వేసి చూశా, బూజు లేదు. షట్టరు 23 వేల చిల్లర.

బావగారికి ఫోన్ చేసి 50 లెన్సు మీరే ఉంచుకోండి, నాకు 40కి ఇవ్వండి అన్నాను. ఒప్పుకున్నారు, పైగా ఆ లెన్సంటే ఆయనకిష్టమట, మొహమాటానికి ఇస్తానన్నారట! మిగిలిన 20లో వెడల్పు లెన్సు ఏది తీసుకోవాలి? టోకినా 11-16 పాతది ఒకటి బెంగళూరులో 14 వేలకు ఉందంటున్నారు. నికాన్ 10-20 ఏఎఫ్-పీ పాతది 15 అడుగుతున్నారు.


మూఢం ఫొటోగ్రాఫర్:

ఇది కదా లెక్కంటే! 212లో 121. ఇంక నేను చెప్పేదేముంది.

టోకినా 11-16 గట్టి లెన్సు. మొదటి మోడల్‌కు మోటారు ఉండదు కాబట్టి చిన్న నికాన్ల మీద ఫోకస్ కాదు, అందుకే చవగ్గా దొరుకుతుంది. మీ డి7200కు ఆ ఇబ్బంది లేదు. ఎఫ్ 2.8, చీకట్లో చేత్తో తీసేవాళ్లకు వరం. నేనైతే అదే కొంటా. కానీ మీరు కొనొద్దు. 560 గ్రాములు, కందిపప్పు పరీక్షలో మీరు ఆరో పీరియడుకే ఓడిపోయారు. 10-20 దానికి సగం కూడా ఉండదు, 230 గ్రాములు. ప్లాస్టిక్కే, వెలుతురు తక్కువ లాగుతుంది. చున్నీ మీద పడుకోబెట్టి ఒక సెకను తీసేవాళ్లకు వెలుతురు తక్కువైతే ఏం, రెండు సెకన్లు తీస్తారు. కొనేముందు డి7200లో ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) కొత్తది వేసి, ఆ లెన్సు తగిలించి ఫోకస్ అవుతోందో లేదో చూశాకే డబ్బివ్వండి. ఈ ఏఎఫ్-పీ రకం (కొత్త తరహా ఫోకస్ మోటారున్న) లెన్సు డి90, డి7000 లాంటి పాత బాడీల మీద అసలు ఫోకస్ కాదు.

మిగిలిన అయిదు వేలల్లో 64 జీబీ కార్డులు రెండు, ఇంకో బ్యాటరీ. ఫిల్టర్ల జోలికి పోవద్దు. చవక యూవీ ఫిల్టరు పెట్టి సూర్యుడి వైపు తీస్తే ఫొటోలో పచ్చ చుక్కలు పడతాయి.

బాదామిలో గుహల మెట్ల దగ్గర లెన్సు మూత తీసి చేత్తో పట్టుకోవద్దు, జేబులో వేసుకోండి. నా మూత అక్కడి కోతి దగ్గర ఉంది.


హిందూపురం టీచరమ్మ:

10-20 ఖాయం చేశాను, ఫోకస్ అయింది. ఆఖరి ప్రశ్న. బావగారు తన కెమెరా బ్యాగు కూడా ఊరికే ఇస్తానంటున్నారు. నల్లది, మీద కంపెనీ పేరు పసుపు అక్షరాల్లో ఇంత పెద్దగా ఉంది. టూరుకు అదే వేసుకుపోనా?


మూఢం ఫొటోగ్రాఫర్:

వద్దు మేడం. రైల్లో అది చూసినవాడెవడికైనా లోపల ఏముందో తెలిసిపోతుంది. మీ బడి సంచే చాలు, అడుగున తువ్వాలు పరవండి. ఎట్లాగూ మండపంలో పరవడానికి కావాలి. ఆ వాచ్‌మన్ తువ్వాలు తిరిగిచ్చారా లేదా?


హిందూపురం టీచరమ్మ:

అయ్యో. నా దగ్గరే ఉంది.